రైను నదీతీరమున ఒక వాననాడు

58 ఏండ్ల వయసున, జోరున కురియు వానలో, పరదేశమున నేను సైకిలు త్రొక్కితినని చెప్పినచో మీరు నవ్వుదురు. ముందుగా నేనే నవ్వుకొంటిని. గత సంవత్సరము మే నెలలో, జర్మనీ దేశమున మైంజ్ పట్టణమునందున్న మా అబ్బాయి యింటికి మూడు నెలల వీసాతో వెళ్లియుంటిని. ఒక శనివారము ముగ్గురమును రైలెక్కి బింగెన్ వరకు పోయి, అచ్చటినుండి రైను నది యెడమ గట్టున సైకిళ్ల బాట వెంట బొప్పార్డ్ అను ఊరు చేరి, మరల రైలులో ఇల్లు చేరవలెనని వారు నిశ్చయించిరి. తీరా ముందునాటి రాత్రి అబ్బాయికి కార్యాలయపు పని తగిలినది. "మీరిద్దరూ వెళ్లి రండి" అనెను. అత్తాకోడండ్రము ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి.

సైకిలు నాకు క్రొత్త కాదు. మా రాజమహేంద్రవరమున నా చిన్నతనమున గంటకు ఇంత యని సైకిళ్లు అద్దెకిచ్చు దుకాణము లుండెడివి. తమ్ముని పంపి సైకిలు తెప్పించి, గోదావరి గట్టుమీద నేర్చుకొంటిని. పదునారవ యేట ఓణీ చక్రములో చిక్కి పడితిని. మోకాలు చిట్లినందులకు కాదు, ఓణీ చిరిగినందులకు, అంతకంటె నలుగురు చూచినందులకు ఇంట గలభా జరిగినది. నాటితో సరి. మైంజ్‌లో మా కోడలు పొరుగింటి ఆమె నడిగి, నడుమ కడ్డీ లేని సైకిలు నొకటి తెచ్చి, రెండు వారములు నదియొడ్డున నాచేత సాధన చేయించినది. శరీరము విద్యను మరువలేదు. పడుదునను భయము మాత్రము ఈ నలువది యేండ్లలో బాగుగా బలిసియున్నది.

ఆమెతో ఒంటరిగా ఒక దినము గడుపుటకు నేను వెనుకాడుటకు వేరొక కారణము కలదు. మా వారు పోయి రెండేండ్లయినది. రాజమహేంద్రవరములోని పెంకుటిల్లు అమ్మివేసి, ఆరు నెలలకు మూడు నెలలు తన వద్దను, తక్కిన కాలము హైదరాబాదులో మా అమ్మాయి వద్దను ఉండుమని అబ్బాయి పట్టు. కొనువారును సిద్ధముగా నుండిరి. అమ్మాయి సరే యన్నది. కోడలు మాత్రము ఔననలేదు, కాదనలేదు. ఈ ప్రస్తావన వచ్చినప్పుడెల్ల లేచి వంటింటిలోనికి పోవుచుండెను. ఆ మౌనము నాకు ములుకువలె గ్రుచ్చుకొనుచుండెను.

మేము బింగెన్‌లో రైలు దిగునప్పటికి వాన ఆరంభమైనది. అది మన ముసురువంటి వాన. ఉరుము లేదు, మెరుపు లేదు, ఆగుట యను మాటయు లేదు. చీరతో సైకిలు కుదరదు గనుక కోడలి చుడీదారు ధరించియుంటిని. దానిపై వానకోటు, వానలాగు. కాళ్లకు మేజోళ్లు, వాటిపై రొట్టెలు చుట్టి తెచ్చిన ప్లాస్టికు సంచులు, ఆపైన జోళ్లు. ఈ సంచుల యుపాయము కోడలిది. చూచుటకు వికారమేగాని సాయంకాలము వరకు పాదములు పొడిగా నుండినవి. చెడ్డ వాతావరణమనునది లేదు, తగని దుస్తులే కలవని జర్మనులు చెప్పుదురట. ఈ సామెత కల్పించినవారికి నావలె కండ్లద్దములు ఉండి యుండవని నా నమ్మకము.

వాననాడు సైకిలుమీద పోదలచువారికి ఒక్క మాట. తడిసిన బ్రేకు ఆలస్యముగా పట్టును. కావున ముందుగనే, మెల్లగా పట్టవలెను. రోడ్డుమీది తెల్లరంగు గీతలు, తడియాకులు, రైలు పట్టాలు నూనె పోసినట్లుండును. వాటిని అడ్డముగా, నిదానముగా దాటవలెను. ఈ మూడు సంగతులు తెలిసిన, తక్కినది ఓర్పే.

వానకును సైకిలుకును చుట్టరికము కలదని త్రోవలో కోడలు చెప్పినది. 1815వ సంవత్సరము ఏప్రిలు నెలలో ఇండొనీషియాలోని తంబోరా అగ్నిపర్వతము ప్రేలి, ఆ ధూళి ఆకాశమున వ్యాపించుటచే, 1816లో ఐరోపాకు వేసవియే రాలేదు. ఎడతెగని వానలకు పైరులు కుళ్లినవి, గుఱ్ఱములకు దాణా కరవైనది. మరుసటి యేడు, 1817 జూను 12న, ఇదే రైను తీరమున ఎగువనున్న మన్‌హైమ్ పట్టణమున కార్ల్ డ్రైస్ అను నాతడు రెండు చక్రముల కొయ్యబండి యెక్కి, కాళ్లతో నేలను తన్నుచు పరుగెత్తించెను. నేటి సైకిలునకు అదియే పితామహి. గుఱ్ఱముల కొరతయే ఆతని కీ యూహ పుట్టించినదని కొందరు పండితు లందురు, కొందరు ఒప్పుకొనరు. నాకు మాత్రము ఆ మాట నమ్మవలెననియే తోచినది. కండ్లద్దములు తుడుచుకొనుటకు దిగినప్పు డెల్ల డ్రైస్‌గారిని తలచుకొంటిని.

రైలు స్టేషనునకు దాపున, నాహె యను చిన్న యేరు రైనులో కలియుచోట, పూర్వము ఒక సన్న్యాసినీ మఠ ముండెడిది. దానిని స్థాపించినది హిల్డెగార్డ్ అను విదుషి. ఆమె 1098లో పుట్టి 1179లో మరణించినది. వైద్యము, మూలికలు, సంగీతము, దైవదర్శనములు అన్నిటిని గురించియు వ్రాసినది. తొలుత ఆమెయు తోడి సన్న్యాసినులును పురుషుల మఠము నంటి, వారి పెత్తనము క్రింద నుండిరి. తమకు వేరుగా ఇల్లు కావలెనని ఆమె కోరగా మఠాధిపతి సమ్మతింపలేదు. అంతట ఆమె జబ్బుపడి మంచము పట్టినదట. ఆతడు వచ్చి కదలింపబోయినను కదలలేదట. తుదకు ఆతడు ఒప్పుకొనక తప్పినది కాదు. సుమారు 1150లో, అనగా 52 ఏండ్ల ప్రాయమున, ఇరువదిమంది సన్న్యాసినులతో ఆమె తన యింట ప్రవేశించినది. ఆ మఠము 1632లో యుద్ధమున ధ్వంసమైనది. మిగిలిన శిథిలములును 1857లో రైలుదారి వేయునపుడు పోయినవి. 2012లో పోపు ఆమెను పునీతురాలిగను, ఆచార్యురాలిగను ప్రకటించెను. మంచము పట్టి ఇల్లు సాధించిన ఆ కథ విని మే మిద్దరమును నవ్వితిమి. ఎందుకో వెంటనే ఇద్దరమును నవ్వు ఆపితిమి.

నది గట్టున కిలోమీటరునకు ఒకటి చొప్పున తెల్లని పలకలపై నల్లని అంకెలు వ్రాసియుండును. స్విట్జర్లాండు సరిహద్దునందలి కోన్‌స్టాంజ్ పట్టణపు వంతెననుండి ఆ లెక్క ఆరంభమగును. మేము బయలుదేరిన చోట 530. చేరవలసిన బొప్పార్డ్ 570. ఈ పలకలు నాకు గొప్ప తోడైనవి. ఇన్ని పలకలు పాతిన దేశమునకును తన నది పొడవు సరిగా తెలియలేదు సుమండీ! పలు పుస్తకములలో రైను పొడవు 1,320 కిలోమీటర్లని అచ్చువేయుచు వచ్చిరి. అది సుమారు 1,230 మాత్రమే యని, ఎవరో ఎప్పుడో రెండంకెలు తారుమారుగా వ్రాసి యుందురని 2010లో బయటపడినది. అందరును ఒకరిని చూచి ఒకరు వ్రాసికొనిరి.

నది నడుమ లంకమీద 'ఎలుకల గోపురము' కనబడినది. కరవునాట పేదలను కొట్టములో పెట్టి కాల్పించిన మతాధికారిని ఎలుకలు వెంటాడి ఈ గోపురమున తినివేసినవని కథ. చరిత్రకారులు చెప్పునది వేరు: అది నదిలో పోవు ఓడలపై సుంకము వసూలు చేయుటకు కట్టినది. ఈ లోయలో నేది చూచినను ఇంతే. కొండకొమ్ముల మీది కోటలు దూరమునకు కావ్యములవలె నుండును. దగ్గరకు పోయి విచారించిన పెక్కింటి పని సుంకము.

కోటలకంటె నన్ను ఆకర్షించినవి సరకుల ఓడలు. 110 మీటర్ల పొడవున బొగ్గో ఇసుకో నింపుకొని, నీటికి జానెడు ఎత్తుగా, వానలో మెల్లగా ఎదురెక్కుచుండును. వెనుకభాగమున కాపురపు గదులు. కిటికీలకు లేసు తెరలు, వాటి ముందర పూలకుండీలు, కప్పుమీద ఇంటివారి కారు. ఒక ఓడలో ఒక స్త్రీ కిటికీవద్ద కూరగాయలు తరుగుచు మమ్ము చూచి చేయి యూపినది. ఆమె వంటిల్లు కదలుచున్నది, మేమును కదలుచున్నాము. ఆమెకు పైకప్పు ఉన్నది, మాకు లేదు.

543 వద్ద బాఖరాఖ్ అను చిన్న పట్టణము. కొయ్యచట్రముల నడుమ సున్నపు గోడలు గల పాతయిండ్లు, పలకరాతి కప్పులు, ద్రాక్షతీగెలు. అంత ముచ్చటయైన ఊరు నేను చూడలేదు. ఊరి గుడి ప్రక్కనుండి మెట్లెక్కిన, ఎఱ్ఱరాతితో కట్టిన ప్రార్థనామందిర మొకటి. గోడలు, నాజూకైన కిటికీల చట్రములు మాత్రమే మిగిలినవి, కప్పు లేదు. 1689లో ఫ్రెంచి సేనలు పైనున్న స్టాలెక్ కోటను మందుపెట్టి పేల్చగా, ఆ రాళ్లు దొర్లి దీనిని కూల్చినవి. వాన నేరుగా లోపల కురియుచుండెను. ఆహా యని నిలిచితిని. కోడలు అచ్చటి ఫలకము చదివి, దానికి అర్థము చెప్పినది. 1287లో వెర్నర్ అను బాలుడు చనిపోగా, ఆతనిని యూదులు చంపిరని అపవాదు పుట్టించి, ఈ నది యొడ్డు ఊళ్లలో యూదులను, ఆడువారిని పిల్లలను గూడ, ఊచకోత కోసిరి. ఆ బాలుని పునీతునిగా పూజించుటకే ఈ మందిరము కట్టిరి. అబద్ధము పునాదిగా ఇంత అందము నిలిచినది! 1963లోగాని ఆతని పేరు మతాధికారులు తమ పండుగల పట్టికనుండి తీసివేయలేదు. ద్వేషమునకు క్షమాపణ వేడు ప్రార్థన ఇప్పుడు ఆ ఫలకము మీద నున్నది. అచ్చట ఫోటో తీసికొనుటకు మాకు మనసు రాలేదు.

546 వద్ద, కౌబ్ అను ఊరి కెదురుగా, పడవ రేవునొద్ద చిన్న చూరు క్రింద ఆగితిమి. ఈ భాగమున నదిపై వంతెనలు లేవు. మైంజ్ దాటిన తరువాత కోబ్లెంజ్ వరకు పడవలలోనే దాటవలెను. ఎదుట నీటి నడుమ, తెల్లని ఓడవలె ఒక కోట. 1326-27లో లుడ్విగ్ అను రాజు కట్టించినది, ఇదియు సుంకమునకే. కౌబ్‌లో నదిమట్టము కొలుచు కొలబద్ద కలదు. రైనులో ఓడలు నడుపువారందరును ప్రతిదినము దాని యంకె చూచి సరకెంత నింపవలెనో నిర్ణయింతురు. 2018 అక్టోబరులో అది 25 సెంటీమీటర్లకు దిగినది. అది నది లోతు కాదు, కొలబద్ద మీది గుర్తు మాత్రమే. అయినను ఓడలు సగము సరకును గూడ మోయలేకపోయినవి. వరద వచ్చినను ఓడలు ఆగును, కరవు వచ్చినను ఆగును. 1986 ఆగస్టులో గోదావరి వరదను గట్టుమీద నిలిచి చూచిన నాకు, నీటిమట్టము కొరకు ప్రొద్దుననే కనిపెట్టుకొనియుండు జనమును గురించి ఎవరును చెప్పనక్కరలేదు.

డబ్బా విప్పి పులిహోర పెట్టితిని. చేతులు కొంకర్లు పోయి, తినుటకు కొంతసేపు పట్టినది. అప్పుడు కోడలు నదివైపు చూచుచు అన్నది:

"అత్తయ్యగారూ, ఒక మాట చెప్తాను. కోపం తెచ్చుకోకూడదు."

"చెప్పమ్మా."

"ఆ ఇల్లు అమ్మకండి."

అంతే. మరేమియు చెప్పలేదు. నేను "సరే" యని డబ్బా మూతపెట్టితిని. ఇన్నాళ్లకు మాట బయటపడినదిగదా యనుకొంటిని. ఆమె ముందు, నేను వెనుక సాగితిమి. ఒకప్రక్క కార్లు నీరు చిమ్ముచు పోవుచుండెను, ఆవల గూడ్సు రైళ్లు ఒకదానివెంట ఒకటి. ఓబర్‌వేజల్ అను ఊరు, దాని ప్రాకారము, బురుజులు ఎట్లు దాటినవో నేను చెప్పలేను, చూడలేదు. వానలో నున్న సౌకర్య మొకటి, కంటినీరు ఎవరికిని తెలియదు.

554 వద్ద నది ఇరుకై, గిరుక్కున మలుపు తిరుగును. అవతలి యొడ్డున 132 మీటర్ల ఎత్తున నల్లని కొండ నిలువుగా నున్నది. ఇదియే లోరెలై. కొండపై కూర్చుండి బంగారు జుట్టు దువ్వుకొనుచు పాడు సుందరిని చూచి, పడవవారు మైమరచి రాళ్లకు కొట్టుకొని చత్తురని కథ. ఇది అనాదిగా వచ్చిన జానపద కథ యని నే ననుకొంటిని. కాదట. 1801లో క్లెమెన్స్ బ్రెంటానో అను కవి ఈ స్త్రీని కల్పించెను. 1824లో హైనె వ్రాసిన పద్యమును, 1837లో సిల్చర్ కట్టిన వరుసయు ఆమెను లోకమంతట ప్రసిద్ధురాలిని చేసినవి. కొండ క్రింది నీటిలో రాళ్లు, సుడులు, కనబడని మలుపు, ఇవి నిజమైన కారణములు. 2011 జనవరిలో గంధకామ్లము మోయుచున్న ఓడ యొకటి ఇచ్చట తలక్రిందులై ఇద్దరు నావికులు ప్రాణములు కోలుపోయిరి. ఎదురుగా వచ్చు ఓడల సంగతి తెలుపుటకు ఓబర్‌వేజల్ మొదలు సాంక్ట్ గోఆర్ వరకు గట్టున దీపములు అమర్చియున్నారు. వానలో ఆ తెల్లని దీపపు గీతలు చక్కగా కనబడుచుండెను. పడవలు మునిగినది రాతివలన. నింద పడినది జుట్టు దువ్వుకొన్న ఆడుదానిమీద!

అట్లనుకొని పకాలున నవ్వబోయి ఆగిపోతిని. నే నేమి చేయుచున్నాను? ఒక్క మాట విని, కారణ మడుగక, ముందు సైకిలు త్రొక్కుచున్న పిల్లమీద అంత బరువును మోపితిని గదా.

సాంక్ట్ గోఆర్ స్టేషను ముందు ఆమె ఆగినది. పెదవులు నీలమైనవి. "రైలెక్కుదామా అత్తయ్యగారూ? మీరు అలిసిపోయారు" అన్నది.

"అది తరవాత. నేను మీ దగ్గరకు రావడం నీకు ఇష్టం లేదా?" అని అడిగితిని.

ఆమె నిర్ఘాంతపోయినది. తరువాత సైకిలును గోడకు చేరవేసి, చేతితొడుగులు తీసి పిండుచు చెప్పినది: "మీరొచ్చి ఇరవైరోజులైంది. నేను సాయంత్రం తలుపు తీసేసరికి రోజూ అదే కిటికీ దగ్గర అదే కుర్చీలో ఉంటారు. రాజమండ్రిలో మిమ్మల్ని చూశాను కదా. పాలవాడితో దెబ్బలాడతారు, వీధిలో సగం పెళ్లిళ్లు మీరే కుదురుస్తారు. మా అమ్మ ఇల్లు అమ్మేసి మా అన్నయ్య దగ్గరికి వెళ్లింది. మా వదిన మంచిదే. కానీ అమ్మ ఇప్పుడు ఫ్రిజ్ తియ్యాలన్నా 'తియ్యనా?' అని అడుగుతుందండీ. ఈ మాట మీ అబ్బాయితో చెప్తే అత్తగారు రావడం నాకిష్టం లేదనుకుంటారని చెప్పలేదు. మీరూ అలాగే అనుకున్నారు."

నేను జవాబు చెప్పలేకపోతిని. ఆమె చెప్పినదంతయు ఒప్పు కాదు. చీకటిపడిన తరువాత నాలుగు గదుల యింట ఒక్క దీపము వెలిగించుకొని కూర్చుండుట యెట్లుండునో ఆమె యెరుగదు. మా వారి కుర్చీ యున్న వసారాలోనికి నేను వెళ్లక ఎన్ని నెలలైనదో ఆమెకు తెలియదు. ఆ సంగతియు చెప్పితిని. ఇంతవరకు కన్నకూతురికైన చెప్పలేదు. స్టేషను చూరు క్రింద నిలిచి, వేడి చాక్లెట్టుపాలు చెరియొక గ్లాసు త్రాగితిమి. బొప్పార్డ్ ఇంక 14 కిలోమీటర్లు. మైంజ్ పోవు రైలు వచ్చినది, ఆగినది, పోయినది. మే మెక్కలేదు.

ఆ మిగిలిన త్రోవలో వాన సన్నగిల్లినది. పలకరాతి వాలులమీద ద్రాక్షతోటలు పొగవంటి మంచులో తేలినట్లుండెను. పగలు ఎండవేడి ఆ రాళ్లు దాచుకొని రాత్రి తీగెలకిచ్చునట. కొన్ని వాలులు అతినిట్రముగా నుండుటచే యంత్రములు ఎక్కవు, అన్నియు చేతిపనియే. పెక్కు తోటలు చేయువారు లేక పాడుపడి ముళ్లపొదలైనవి. కోడలు నా ప్రక్కకు వచ్చి, బాట వెడల్పుగా నున్నచోట్ల జంటగా త్రొక్కినది. ఏమి మాటలాడితి మనగా, ఆవకాయ యేడాదికి ఎన్ని కాయలు పట్టవలె ననునది మొదలు ఆమె కార్యాలయమున పడు చిక్కుల వరకు. 570 అంకె కనబడగనే నేను గంట మ్రోగించితిని. గట్టున బాతు లొకటి రెండు బెదరినవి, అంతే.

తిరుగు ప్రయాణమున రైలు అదే నదియొడ్డున వెనుకకు పరుగెత్తినది. దినమంతయు త్రొక్కిన త్రోవ కిటికీలో క్షణములలో జారిపోయినది: దీపములు, లోరెలై, తెల్లని సుంకపుకోట, కప్పులేని మందిరము. కోడలు నా భుజముమీద తలవాల్చి నిదురపోయినది. మా లాగులనుండి నీరుకారి సీటు క్రింద చిన్న మడుగు కట్టినది.

మరునాడు ఉదయము రాజమహేంద్రవరమునకు ఫోను చేసి, కొనువారికి ఇల్లు అమ్ముట లేదని చెప్పితిని. అబ్బాయి రెండు దినములు ముభావముగా నుండెను. వసారా కప్పున పగిలిన పెంకులు జూను వానలకు ముందే మార్చవలసి యుండుటచే మేస్త్రీనిగూడ పిలిచి మాటలాడితిని. వచ్చెదనన్నాడుగాని, నేను ఊరిలో లేనని తెలిసి కూలి పెంచినాడు.